గంట చాలదు, రాత్రంతా కావాలి

"మా బడిలో టెలిస్కోపుతో ఆకాశం చూపించారు సార్, ఏమీ బాగాలేదు" అని మీలో ఎవరైనా అంటే నేను ఆశ్చర్యపోను. ఆ కార్యక్రమం ఎలా జరుగుతుందో నాకు తెలుసు. సాయంత్రం 7 గంటలకు బడి ఆవరణలో టెలిస్కోపు నిలబెడతారు. వరండాలో ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి. 200 మంది పిల్లలు వరుసలో నిలబడతారు. కన్ను ఆనించీ ఆనించకముందే "చూశావా? ఇక పద" అంటారు. 8 గంటలకల్లా ఫొటో దిగి అందరూ ఇంటిదారి పడతారు. చంద్రుణ్ణో శనిగ్రహాన్నో చూడటానికి ఇది పనికొస్తుంది, కాదనను. కాని ఆకాశం చూడటమంటే ఇంతేనని మీరు అనుకుంటే నష్టం మీకే. ఊరికి దూరంగా, చీకట్లో, పదిమందీ కలిసి ఒక రాత్రంతా మకాం వేయాలని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. కంటిలోని రెటీనా పొరలో శంకు కణాలు, దండ కణాలు అని రెండు రకాలున్నాయి గదా. శంకు కణాలు రంగులు గుర్తిస్తాయి గాని వాటికి మంచి వెలుతురు కావాలి. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. వాటికి రంగులు తెలియవు. వాటిలో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విరిగిపోతుంది. చీకట్లో మళ్లీ బాగా తయారుకావటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఎవరైనా ఒక్కసారి టార్చి వేశారా, మళ్లీ మొదటికే! దండ కణాలకు ఎరుపు సరిగా అందదు. అందుకే అనుభవమున్న పరిశీలకులు టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటారు.

ఇప్పుడు ఆండ్రోమెడా గెలాక్సీ సంగతి చూడండి. పుస్తకంలో దాని బొమ్మ రంగురంగులుగా ఉంటుంది. టెలిస్కోపులో కనిపించేది బూడిదరంగు మరక. ట్యూబులైటు కింద నుంచి వచ్చి అర నిమిషం చూసినవాడికి ఆ మరక కూడా కనపడదు. గంటసేపు చీకట్లో కూర్చున్నవాడికి కనపడుతుంది. సూటిగా కాక కొంచెం పక్కకు చూడటం తెలిస్తే అది ఇంకా పెద్దదవుతుంది. ఎందుకంటే రెటీనా నడిమధ్యన దండ కణాలు లేవు. 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరిన వెలుతురును అందుకోవటానికి కంటికి ఆమాత్రం అలవాటు కావద్దూ?

రాత్రంతా ఎందుకంటారా? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుందని మీరు పరీక్షలో రాస్తారు. డిసెంబరులో సాయంత్రం తూర్పున ఉన్న కృత్తిక, అదే మన అవ్వలు పిల్లలకోడి అనే చుక్కల గుంపు, తెల్లవారేలోగా పడమట దిగిపోతుంది. తూర్పున చిత్త, స్వాతి వచ్చి ఉంటాయి. మేలుకొని చూసినవాడికి ఆ 15 డిగ్రీలు బట్టీపట్టే పని ఉండదు.

అమెరికాలో ఇటువంటి మకాంను స్టార్ పార్టీ అంటారు. పేరు విని కేకులు, పాటలు అనుకోకండి! వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో 1920లో రస్సెల్ పోర్టర్ అనే ఆయన అద్దాలు సానపట్టి టెలిస్కోపు చేయటం నేర్పాడు. నేర్చుకున్నవాళ్లు చాలావరకు అక్కడి యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. అందులో ఒక స్త్రీ కూడా ఉంది. వాళ్లు ఊరి బయట కొండమీద కట్టుకున్న చిన్న ఇంటికి స్టెల్లాఫేన్ అని పేరు. 1926లో అక్కడ మొదలైన సమావేశం నేటికీ నిలిచి ఉంది. వేసవిలో, వెన్నెల అడ్డురాని రోజులు చూసుకుని గుడారాలు వేస్తారు. ఎవరి టెలిస్కోపు దగ్గరికైనా వెళ్లి చూడవచ్చు. కొనుక్కోలేదే అన్న చింత అక్కరలేదు.

మనదేశంలో లడఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2023లో అక్కడ స్టార్ పార్టీ జరిగింది. నాకు అన్నిటికంటె నచ్చినదేమంటే, ఆ పల్లెలవాళ్లకే టెలిస్కోపులు ఇచ్చి, వచ్చినవాళ్లకు ఆకాశం చూపించటం నేర్పారు.

"అమ్మావాళ్లు ఒప్పుకోరు సార్" అంటారు మీరు. అమ్మాయిలైతే మరీను. మా తరగతిలో నెలరోజులు విడవకుండా చంద్రకళలు గీసుకొచ్చేది ఎక్కువగా అమ్మాయిలే. రాత్రి మకాం అనగానే మొదట కొట్టేసేది వాళ్ల పేర్లే! ఇది న్యాయం కాదు. భయముంటే టీచరమ్మలు తోడు రావాలి, అమ్మలనూ పిలవాలి. పిల్లలకోడిని మనకంటె ముందు గుర్తుపట్టేది వాళ్లే కావచ్చు.

ఖర్చు పెద్దగా లేదు. అమావాస్య దగ్గరపడే శనివారం, కోత అయిపోయిన పొలం, టార్పాలిన్లు, దుప్పట్లు, ఒక బైనాక్యులర్సు చాలు. మంచు పడుతుంది, తలకు గుడ్డ కట్టుకోండి. సెల్‌ఫోన్లు సంచిలో పెట్టి మూతి కట్టేయండి. హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం తేదీ, పొలం ఎవరిది, తోడు వచ్చే పెద్దలెవరు అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఊరికే "నక్షత్రాలు చూస్తాం సార్" అంటే ఏ హెడ్మాస్టరైనా "పరీక్షలయ్యాక చూద్దాం" అనే అంటారు.