బిడ్డను చూశారు, తల్లి కుట్లు చూశారా?

వన్ టౌన్ అక్కచెల్లెళ్లారా! అమ్మలారా, అత్తలారా! అన్నదమ్ములారా!

కొండ మీద ఇంటికి బాలింత వచ్చిందంటే వీధి వీధంతా మెట్లెక్కి వెళ్లి బిడ్డను చూసొస్తాం. తండ్రి పోలికా, మేనమామ పోలికా అని ముచ్చట్లాడుకుంటాం. పక్కనే, దగ్గొస్తే కుట్లు ఎక్కడ పిగులుతాయోనని పొత్తికడుపు చేత్తో అదిమిపట్టుకుని కూర్చున్న పిల్లను మాత్రం ఎవరం అడగం.

మొన్న మా మెట్ల మలుపులో మూడో వారం బాలింత ఒకామె నిండు బిందె గట్టు మీద దించి గోడకానుకుంది. నైటీ మీద పొట్ట దగ్గర రూపాయి బిళ్లంత తడి. "చెమటలే పిన్నీ" అంది. చెమట కాదు, చీము. వారం నుంచి కారుతోందట. సిగ్గేసి భర్తకి కూడా చెప్పలేదు.

కోతతో ఇంటికొచ్చింది ఆమె ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లే. అంటే ఐదుగురు బాలింతల్లో ఇద్దరి కడుపు మీద కోత ఉంది.

పైన కనిపించే గీత ఒక్కటే కాదు ఆ కోత. చర్మం, దాని కింద కొవ్వు, గట్టి పొర, గర్భసంచి అన్నీ కోసి తిరిగి కుట్టారు. పై చర్మం వారం పది రోజుల్లో అతుక్కుంటుంది. అది చూసి "మానిపోయిందిలే" అని బిందె చేతికిస్తాం. లోపలి పొరకు కనీసం ఆరు వారాలు కావాలి. ఈలోగా బరువులెత్తితే అది సడలి తర్వాత హెర్నియా రావచ్చు. అన్నదమ్ములారా, ఆ ఆరు వారాలూ కుళాయి దగ్గర బిందె మీరు పట్టండి. ఆమె బిడ్డకన్నా బరువైంది ఏదీ ఎత్తకూడదు.

అమ్మలారా, మీ ప్రేమను కాదనడం లేదు. కానీ పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు తాగితే కుట్లు మానవని మానిపించకండి. గాయం పూడాలంటే పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర ఒంట్లో పడాలి. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది. ముక్కినప్పుడల్లా ఆ ఒత్తిడి కుట్ల మీదే పడుతుంది. కారంపొడి అన్నంతో నెల గడిపిన ఒంటికి ఏ మందు పనిచేస్తుంది?

పచ్చి కోత మీద పసుపు, నూనె, బూడిద పెట్టొద్దు. స్నానంలో సబ్బు నీళ్లు దాని మీదుగా జారిపోతే చాలు, రుద్దొద్దు. ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలు గుడ్డతో అద్ది తడి తీయండి. మన ఎండలకు పొట్ట మడత కింద చెమట నిలుస్తుంది, అక్కడ మరీ జాగ్రత్త. నడికట్టు కుట్లు నలిగేలా బిగించొద్దు. మామూలు కాన్పులో కింద కుట్లు పడినవాళ్లు మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలి.

కుట్ల చుట్టూ ఎర్రబడినా, వాసనొచ్చినా, చీము కారినా, కుట్టు విడిపోయినా, చలిజ్వరం వచ్చినా ఆ పూటే కదలండి. ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లండి, లేదా పాత ప్రభుత్వాసుపత్రికి. ఒళ్లు కాలిపోతుంటే, రక్తం ఆగకపోతుంటే 108కి ఫోన్ చేయండి. కోత చుట్టూ తిమ్మిరిగా ఉండడం మాత్రం కొన్ని నెలలు మామూలే, దానికి భయపడొద్దు.

ఆపరేషన్ అయిన ఇంటికి ఆశ కార్యకర్త 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. బిడ్డను తూకం వేయించి ఆమెను పంపేయకండి. తలుపు వేసి, తల్లి కుట్లు చూపించండి. రాకపోతే సచివాలయంలో ఏఎన్ఎంని అడగండి.

ఈ కాగితం చించకుండా కుళాయి దగ్గర గోడకి అంటించండి. చదువురాని అమ్మమ్మలకు చదివి వినిపించండి, పప్పు సంగతి రెండుసార్లు.

ఇట్లు,
మీ కొండవీధి ఆడపడుచులు