సోర్సు బటన్ బాధ తప్పించండి



ఇప్పుడు చాలా ఇళ్లలో టీవీకి కనీసం రెండు పరికరాలు తగిలించి ఉంటున్నాయి: ఛానెళ్లకు సెట్‌టాప్ బాక్సు, ఓటీటీ సినిమాలకు స్టిక్. రిమోట్లు మూడు. పిల్లలు స్టిక్‌లో సినిమా చూసి లేచిపోతే, సాయంత్రం సీరియల్ కోసం కూర్చున్న అమ్మమ్మకు నల్లటి తెర మీద ‘నో సిగ్నల్’ అనే కనిపిస్తుంది. బాక్సులో లైటు వెలుగుతూనే ఉంటుంది, ఛానెల్ వస్తూనే ఉంటుంది, టీవీ మాత్రం వేరే పోర్టు మీద ఆగి ఉంటుంది. టీవీ రిమోట్ వెతికి, సోర్సు నొక్కి, హెచ్‌డీఎంఐ 1, 2లలో బాక్సు ఏదో ఆవిడే తేల్చుకోవాలి. ఇది పెద్దవాళ్ల తెలియనితనం కాదు, తయారీదారుల అలసత్వం. పరికరం ఆన్ చేయగానే టీవీ దానంతటదే అటు మారడాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి.

దీనికి కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర్లేదు. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐ తొలి వెర్షన్‌లోనే సీఈసీ అనే ఏర్పాటు ఉంది. 19 పిన్నుల కనెక్టర్‌లో 13వ పిన్ను దీని కోసమే. బాక్సు ఆన్ కాగానే ‘ఇప్పుడు బొమ్మ నా నుంచి వస్తోంది’ అన్న సందేశం ఆ తీగ మీదుగా టీవీకి చేరుతుంది. టీవీ మేలుకుని ఆ పోర్టుకు మారుతుంది. అయితే తీగ ఉండటమే తప్పనిసరి, దాన్ని వాడుకోవడం తయారీదారు ఇష్టం. అందుకే అన్ని బాక్సుల్లో ఈ సౌకర్యం ఉండదు. ఉన్న టీవీల్లోనూ శామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. సెట్టింగ్స్ లోపలి మెనూల్లో ఎక్కడో ఉన్న ఆ పేరు చూసి, ఇది తమ ఇబ్బందికి విరుగుడని మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

యూనివర్సల్ రిమోట్ కొనుక్కుంటే సరిపోతుందని కొందరంటారు. కానీ మామూలు రిమోట్ పంపే ఇన్‌ఫ్రారెడ్ సంకేతం ఒకవైపే వెళ్తుంది. టీవీ ఏ పోర్టు మీద ఉందో దానికి తెలియదు. స్మార్ట్ టీవీలో యాప్‌లన్నీ ఉన్నాయి కదా అనేవారూ ఉన్నారు. కేబుల్, డీటీహెచ్ బాక్సులు ఇంకా విడిగానే ఉన్నాయి. పైగా టీవీ బాగున్నా అందులోని యాప్‌లకు అప్‌డేట్లు ఆగిపోతే స్టిక్ కొనక తప్పదు. సీఈసీ ఆన్ చేస్తే ఒకటి ఆపినప్పుడు మిగతావీ ఆగిపోతున్నాయన్న ఫిర్యాదు మాత్రం నిజమే. అందుకే ఆన్ చేసిన పరికరానికి టీవీ మారడం ఒక్కటే ఫ్యాక్టరీలో సెట్ చేసి ఇవ్వాలి. అన్నీ కలిసి ఆగాలా వద్దా అన్నది ఇంటివాళ్లకే వదిలేయాలి.

డిష్ సిగ్నల్‌ను నేరుగా అందుకునే ట్యూనర్ ఉన్న టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ప్రమాణం రూపొందించింది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకు యూఎస్‌బీ-సి పోర్టును తప్పనిసరి చేసింది. కాబట్టి ఇది ప్రభుత్వాలకు చేతకాని పనేమీ కాదు. ఇక్కడ అమ్మే ప్రతి టీవీలో, సెట్‌టాప్ బాక్సులో, స్టిక్‌లో ఈ సౌకర్యం ఉండాలి, ఆన్ చేసే ఇవ్వాలి, అన్ని మెనూల్లో ఒకే పేరుతో కనిపించాలి. తెర మీద ‘హెచ్‌డీఎంఐ 2’ అని కాకుండా తగిలించిన పరికరం పేరు రావాలి. ఆ నిబంధన వచ్చేలోగా, బాక్సు బిగించడానికి వచ్చే టెక్నీషియన్ చేతే ఈ సెట్టింగ్ పెట్టించే బాధ్యతను కేబుల్, డీటీహెచ్ సంస్థలు తీసుకోవాలి. నెలనెలా చందా కట్టే ప్రేక్షకులకు ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ