బావురుపిల్లి పళ్ళ గార

దివిసీమ చివర, సొర్లగొంది, నాచుగుంట వైపు మడ అడవుల్లో ఒక పిల్లి ఉంది. ఊరపిల్లికి రెండింతలు ఉంటుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లచుక్కల బారులు, పొట్టి తోక. బావురుపిల్లి అంటారు, నీటిపిల్లి అనీ అంటారు. పొద్దుగూకాక కాలువ ఒడ్డునో చెరువు గట్టు మీదో పొంచి కూర్చుని ముందుకాలితో నీటిని మెల్లగా తడుతుంది. పురుగేదో పడిందనుకుని చేప పైకొస్తే తల ముంచి పళ్ళతో కరుచుకుంటుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని పులితో పాటు మొదటి షెడ్యూల్లో చేర్చింది. 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం దీనికి నీడ.

ఆ నీడ దాటితే అంతా చెరువులే. నాగాయలంక, కోడూరు గుంటలు, బందరు దాటాక పెడన, కృత్తివెన్ను రొయ్యల చెరువులు, గుడివాడ దాటితే ముదినేపల్లి, కైకలూరు చేపల చెరువులు. ఒకప్పుడు వరిచేలు ఉన్నచోట ఇప్పుడు ఏరియేటర్ల చప్పుడు. పిల్లి మాత్రం తన పాత అలవాటు కొద్దీ గట్టు మీదికొస్తుంది. కాపలావాడు అదిలిస్తాడు. ఒకటో రెండో చేపలు పోయినందుకు బాధపడే రైతు, అదే పిల్లి గట్లకు బొరియలు తవ్వే ఎలుకల్ని కూడా తింటుందని అంతగా పట్టించుకోడు.

ఈ పిల్లి నోటి సంగతి ఎందుకంటే, స్వీడన్ ఎలుగుబంట్ల నోటి సంగతి ఒకటి ఉంది. పళ్ళ మీద పాచి లాలాజలంలోని సున్నంతో కలిసి గట్టిపడితే గార అవుతుంది. నోట్లో ఉన్న సూక్ష్మజీవులు అందులో చిక్కుకుపోతాయి, వాటి డీఎన్ఏ చాలాకాలం నిలుస్తుంది. స్వీడన్ మ్యూజియంలో దాచిన ఎలుగుల పుర్రెల నుంచి, సుమారు 180 ఏళ్ళ కాలానికి చెందిన గారను గీకి పరిశోధకులు చదివారు. 2021లో వెలువడిన ఆ అధ్యయనం ఏం చెప్పిందంటే, మందులు రాకముందు ఎలుగుల నోళ్ళలో యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు కొద్దిగానే ఉండేవి. 1950ల తర్వాత అవి పెరుగుతూ పోయాయి. జనావాసాలకు దగ్గర తిరిగిన ఎలుగుకూ, దూరపు అడవిలో తిరిగిన ఎలుగుకూ పెద్ద తేడా లేదు. ఆ జంతువులకు ఎవరూ మాత్ర వేయలేదు, సూది పొడవలేదు. ఊళ్ళో మనుషులు, పశువులు వాడిన మందుల పద్దు అడవిలో ఎలుగు పంటి మీద రాసి ఉంది.

మాంసం తినే జంతువు నోరంటే మురికి అని లోకానికి ఒక నమ్మకం. కొమొడో బల్లి కరిస్తే దాని నోటి కుళ్ళుకే జంతువు చస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2009లో దానికి విషగ్రంథులున్నాయని తేలింది. తర్వాత చూస్తే నోట్లోని సూక్ష్మజీవులు తక్కిన మాంసాహారుల్లో ఉండేవే, అది తిన్న ఆహారం నుంచి వచ్చినవే. తిన్నదాన్ని బట్టే నోరు. మరి చెరువు చేప తినే పిల్లికి?

చెరువులో రోగం కనబడగానే రైతు మందుల షాపుకు పరిగెడతాడు. ఎకరానికి పెట్టిన పెట్టుబడి తలుచుకుంటే అది తప్పు అనబుద్ధి కాదు. కానీ 1990ల మధ్యలో రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వచ్చేది. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా ఏదో ఒకటి పోయకపోతే మనసు ఊరుకోదు. మేతలో కలిపిన మందులో కొంత చేప కడుపులోకి, కొంత అడుగు బురదలోకి పోతుంది. పట్టుబడి నాడు నీళ్ళు డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి ఉప్పుటేరులోకి, మడ చెట్ల వేళ్ళలోకి చేరతాయి. మందును తట్టుకున్న సూక్ష్మజీవి ఆ జన్యువును పక్కదానికి అందించగలదు, జాతి వేరైనా సరే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో ఏనాడో నిషిద్ధం. మన రొయ్యల్లో మందుల జాడ కోసం చేసే తనిఖీని ఐరోపా సమాఖ్య 2016లో పదో వంతు సరుకు నుంచి సగానికి పెంచింది. ఎగుమతి పెట్టెకు అంత పరీక్ష ఉంది. చెరువు విడిచిన నీటి వెంట ఎవరూ అంత శ్రద్ధగా నడిచి వెళ్ళరు.

ఈ మందుల కథలో మనవారొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనకు అధిపతిగా ఉన్న రోజుల్లోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది తొలి మందు. 1948లో లోకానికి తెలిసింది, ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఎందరి ప్రాణాలో నిలిపిన మందు అది. రెండేళ్ళకు అదే లెడర్లీ వాళ్ళు కోడిపిల్లల మేతలో దాన్ని కాస్త కలిపితే అవి త్వరగా ఎదుగుతాయని ప్రకటించారు. రోగం లేని జీవికి రోజూ మందు పెట్టే అలవాటు అలా లోకమంతా పాకింది. దాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 1986లో, మానుకున్న దేశం స్వీడనే. తర్వాత ఆసుపత్రుల్లోనూ వాడకానికి కళ్ళెం వేసింది.

ఎలుగుల గార ఆ సంగతి కూడా చెప్పింది. ఇటీవలి దశాబ్దాల ఎలుగుల నోళ్ళలో ఆ జన్యువులు మళ్ళీ తగ్గాయి. మందు తగ్గితే అడవి కూడా తేరుకుంటుందన్న మాట. కొలత ఉంది గనుకే వాళ్ళకు ఆ కబురు తెలిసింది.

మనకు స్వీడన్ మ్యూజియంలో లాగా వరసగా దాచిన పుర్రెలు లేవు. కానీ రాత్రి రోడ్డు దాటుతూ వాహనం కింద పడే పిల్లులు, నక్కలు ఉన్నాయి. అలా చనిపోయిన మొదటి షెడ్యూల్ జంతువుకు అటవీశాఖ పంచనామా, పోస్టుమార్టం జరిపించి దహనం చేస్తుంది. దహనానికి ముందు పళ్ళ గార గీకి ఒక చిన్న గొట్టంలో వేసి, ఊరి పేరు, తేదీ రాసి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు పంపిస్తే, అక్కడి ఫ్రీజర్లో అది ఎంత చోటు పడుతుంది? ఇప్పుడే పరీక్షించాలని కూడా లేదు. పక్కనే ఆ మండలంలో ఆ ఏడు అమ్ముడైన ఆక్వా మందుల లెక్క కూడా ఉంటే ఇంకా మంచిది. ఆ లెక్క షాపుల బిల్లు పుస్తకాల్లో ఉండేదే, అడిగేవాళ్ళే కావాలి.