పాలపళ్లే కదా అనుకోవద్దు

"పాలపండ్లే కదా, ఎట్లయినా ఊడిపోయేవే!" సోలాపూర్ తూర్పు భాగంలోని నేత కార్మికుల ఇళ్లలో వినిపించే మాట ఇది. నాన్న మరమగ్గం మీద, అమ్మ బీడీల చేట ముందు. ఇక పిల్లల పళ్లు చూసే తీరికేది?

కానీ పుచ్చిన పాలపన్ను ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే పన్ను వంకర పోతుంది. ఖాళీ మూసుకుపోకుండా చిన్న తీగ అమర్చితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. ఏడేళ్లకల్లా ఒకసారి దంతవైద్యునికి చూపించాలన్నది నిపుణుల మాట. చూపించిన ప్రతి బిడ్డకూ క్లిప్పులు వేయరు. చాలామందికి కనిపెట్టుకుని ఉంటే చాలు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సర్కారు బడి పిల్లలకు ఏటా పరీక్షలు చేయాలి. పుచ్చుపళ్లతో పాటు పళ్ల వరుసనూ చూడాలి, చికిత్స దాకా తీసుకెళ్లాలి. పోగు తెగినప్పుడే ముడేయాలని నేతన్నకు వేరే చెప్పాలా?