గోడలు కాదు, సార్లను లెక్కబెట్టుండ్రి!

తెలంగాణల బిడ్డను సర్కారు హైస్కూల్ల ఎయ్యాలనుకునే తల్లిదండ్రులు గోడల రంగు చూసి ఎనుకకు మళ్లొద్దు. ముందుగాల టైంటేబుల్ అడగాలె. లెక్కలు, సైన్సు, సాంఘికం, మూడు భాషలు – దేనికి సారున్నడు, ఏది ఖాళీ? పదో తరగతి పాస్ శాతమొక్కటే సాలదు. ఎనిమిదిల ఉన్నోళ్లల్ల ఎందరు పది దాకా నిలిచిండ్రు? ఆడపిల్లల మరుగుదొడ్డిల నీళ్లున్నయా? మధ్యాహ్న భోజనం యాళ్లకు పోతే బడి అసలు రూపు కనబడ్తది.

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు కనీసం ఒక టీచరుండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఇది ఎవరి దయ కాదు, హక్కు! ఖాళీల లెక్క సమాచార హక్కు కింద రాబట్టొచ్చు. సారు లేడని బిడ్డను ప్రైవేటుకు తోలి ఫీజులకు అప్పు చేసే ముందు, పదిమంది కలిసి జిల్లా విద్యాధికారిని నిలదీయాలె. అడిగేటోళ్లు లేని బడే మూతబడ్తది.