మీ అబ్బాయి రివ్యూ రాశాడు, ఒకసారి చదవండి



పోయిన టర్మ్‌లో ఎనిమిదో తరగతి ఇంగ్లీషులో రివ్యూ రాయడం నేర్పించాను. పుస్తకమైనా సరే, సినిమా అయినా సరే, ఒక పేజీ రాసుకురమ్మన్నాను. హ్యారీ పాటర్, లయన్ కింగ్ వస్తాయనుకున్నాను. నోటుబుక్కులు తెరిచేసరికి ఖైదీ, విక్రమ్, లియో, జైలర్, మాస్టర్, డాక్టర్. సగానికి పైగా తమిళ సినిమాలే, అన్నీ తెలుగు డబ్బింగ్‌లో చూసినవి. ఒకడు 'హీరో కమింగ్, దెన్ ఆల్ ఫ్లయింగ్' అని రాశాడు. వ్యాకరణం సంగతి అలా ఉంచితే సినిమా మొత్తాన్ని ఆ ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి ఆ నోటుబుక్కు నా టేబుల్ మీద పెట్టి, "మేడమ్, మేం ఇంత ఫీజు కట్టేది వీడు ఫైటింగుల గురించి రాయడానికా?" అని అడిగారు. ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేక నీళ్లు నమిలాను. ఈ వ్యాసం ఆవిడ కోసం, అదే ప్రశ్న మనసులో పెట్టుకుని అడగకుండా వెళ్లిపోయిన మిగతావాళ్ల కోసం.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. నాది నగరి. ఊరు దాటితే తమిళనాడు. మా వీధిలో సగం ఇళ్లలో తమిళం, సగం ఇళ్లలో తెలుగు. పండక్కి కొత్త సినిమా ఏ భాషలో వచ్చిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు, హీరో ఎవరని అడిగేవాళ్లు. అపరిచితుడు, గజిని, చంద్రముఖి, మూడూ 2005లోనే వచ్చాయి. అప్పుడు నేను చిన్నపిల్లని. చంద్రముఖిలో వడివేలు భయపడుతుంటే మా అమ్మమ్మ తమిళంలో నవ్వింది, నేను తెలుగులో నవ్వాను. అందుకని ఈ సినిమాల విషయంలో నేను పక్షపాతం లేని జడ్జిని కాదు.

తమిళ కామెడీ తెలుగులోకి వచ్చేటప్పుడు కొంత దారిలోనే పడిపోతుంది. వడివేలు మదురై యాస, కోవై సరళ కోయంబత్తూరు యాస అక్కడివాళ్లకు వినగానే నవ్వు తెప్పిస్తాయి. డబ్బింగ్‌లో ఆ యాస ఉండదు. ముఖం, నడక, టైమింగ్ మాత్రమే మిగులుతాయి. పైగా క్లోజప్‌లో నటుడి పెదవులు మూసుకున్నచోట డబ్బింగ్ రచయిత ప, బ, మ ఉన్న తెలుగు మాటే వెతుక్కోవాలి. అర్థం చెడకూడదు, నిడివి పెరగకూడదు. ఇది తెలిశాక క్లాసులో ఒక చిన్న ఆట పెట్టాను. ఒక తెలుగు డైలాగ్ ఇచ్చి, అంతే సమయంలో పలకగలిగేలా ఇంగ్లీషులోకి మార్చమన్నాను. ఏడాదంతా యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ అంటే ఆవులించిన పిల్లలు ఆ నలభై నిమిషాలూ ఒకరినొకరు సరిదిద్దుకున్నారు. ఆ తల్లికి ఆ రోజు ఈ మాటే చెప్పాల్సింది.

ఇక సినిమాల గురించి నా అభిప్రాయం చెప్తాను.

మాస్టర్ (2021) గురించి మా క్లాసు అబ్బాయిలు రాసిందంతా విజయ్ స్టైల్ గురించే. కాలేజీ లెక్చరర్ తాగి తిరుగుతాడు, ఎందుకు తాగుతున్నావని అడిగిన ప్రతివాళ్లకీ ఏదో ఒక సినిమా కథ తన ప్రేమకథలాగా చెప్తాడు. అది నిజంగా బాగుంది, నేనూ నవ్వాను. కానీ ఆ సినిమాకి ప్రాణం మరోచోట ఉంది. బాలనేరస్థుల హోమ్‌లో ఇద్దరు పిల్లలు సాయం కోసం ఆ మాస్టారును పిలుస్తారు. ఆయన మత్తులో ఉంటాడు. తెల్లారేసరికి పిల్లలు ఉండరు. టీచర్‌గా ఆ సీను చూడటం నాకు కష్టమైంది. తర్వాత వచ్చే ఫైట్లన్నీ ఆ తప్పు దిద్దుకోవడానికే. మా పిల్లల రివ్యూల్లో ఈ సీను ఒక్కరూ ఎత్తలేదు. చూడలేదా అని అడిగితే, "చూశాం మేడమ్, అక్కడ ఫార్వర్డ్ చేశాం" అన్నారు.

ఈ ఫార్వర్డ్ బటన్ గురించి మీరు కాస్త ఆలోచించాలి. థియేటర్లో మా తరం రెండున్నర గంటలూ కూర్చునేది. ఏడుపు సీనుకి ఏడిస్తేనే ఫైట్ వచ్చేది. ఫోన్‌లో పిల్లాడు ఏడుపు తీసేసి దెబ్బలు మాత్రమే చూస్తాడు. ఎందుకు కొడుతున్నాడో తెలియకుండా కొట్టడం ఒక్కటే చూస్తే అది వేరే సినిమా. దాన్ని ఏ దర్శకుడూ తీయలేదు, మీ ఇంటి వైఫై తీసింది.

డాన్ మీలో చాలామంది చూసే ఉంటారు. తెలుగులో 'కాలేజ్ డాన్' అన్న పేరుతో 2022లో వచ్చింది. శివకార్తికేయన్ ఇష్టం లేని ఇంజనీరింగ్ చదువుతుంటాడు. ఎస్.జె. సూర్య క్రమశిక్షణ పేరుతో వెంటపడే ప్రొఫెసర్. సముద్రఖని కోపిష్టి నాన్న. మొదటి సగంలో ప్రొఫెసర్ మీద జోకులు చూసి పిల్లలు నన్ను ఓరకంటితో చూస్తుంటారని నాకు తెలుసు, ఫర్వాలేదు. నాకు నచ్చనిది చివర్లో ఉంది. నాన్న బతికున్నంతకాలం కొడుక్కి ఆయనంటే భయం. ప్రేమ ఉందని తెలిసేసరికి ఆయన ఉండడు. హాల్లో అందరూ కళ్లు తుడుచుకుంటారు, నేనూ తుడుచుకున్నాను. ఇంటికొచ్చాక కోపం వచ్చింది. ఒక నాన్నను అర్థం చేసుకోవడానికి ఆయన్ని చంపడం తప్ప దారే లేదా? ఒక్క ఆదివారం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఈ సినిమా ఉండేదే కాదు.

డాక్టర్ (2021, తెలుగులో 'వరుణ్ డాక్టర్') నాకు ఇష్టమైన సినిమా, అందుకే దాని మీద ఫిర్యాదు కూడా ఉంది. అపహరణకు గురైన చిన్నపిల్ల కోసం ఒక ఇంటిల్లిపాదీ వెతుక్కుంటూ పోయే కథ ఇది. అంత భయంకరమైన విషయంలో దర్శకుడు నెల్సన్ మొహంలో ఒక్క గీత కదలని హీరోను పెట్టి నవ్వించాడు. అది గొప్ప పని. కానీ ఆటలో ఓడిపోయిన మగవాణ్ణి ఆడమనిషిలా తయారుచేసి నవ్వుకునే సీను కూడా అందులోనే ఉంది. ఓడిపోవడమంటే ఆడదానిలా కనిపించడమని అది చూస్తున్న ఆరో తరగతి పిల్లకి ఎవరు చెప్తున్నారు?

ఇది ఈనాటిది కూడా కాదు. గౌండమణి సెంథిల్‌ను తిట్టి తన్నే కామెడీ నుంచి తమిళ సినిమాలో ఒక అలవాటు ఉంది, తెలుగు సినిమాలోనూ ఉంది, మనం మాత్రం తక్కువేం తినలేదు. లావు, నలుపు, బట్టతల, పొట్టి, ఇవన్నీ జోకులు. యోగిబాబు జుట్టు మీద, రూపం మీద ఎన్ని సినిమాల్లో ఎన్ని పంచ్‌లు వేశారో లెక్కలేదు. ఆ పంచ్‌లు సోమవారం పొద్దున మా క్లాసుకి వస్తాయి. కాస్త బొద్దుగా ఉండే ఒక అబ్బాయికి మా క్లాసులో ఒక కమెడియన్ పేరు పెట్టారు. వాడు కూడా నవ్వుతూనే ఉండేవాడు. లంచ్ బాక్స్ మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్తున్నాడని వాళ్లమ్మ ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు. తెలుసుకోవాల్సింది నేను.

ఆ వారం పిల్లలకి యోగిబాబు నటించిన మండేలా (2021) కథ చెప్పాను. సొంత పేరంటూ లేని ఒక మంగలి. పోస్టాఫీసులో ఒకావిడ అతనికి నెల్సన్ మండేలా అని పేరు పెడుతుంది. ఊరు రెండు కులాలుగా చీలి ఉంటుంది, సర్పంచ్ ఎన్నికలో ఇద్దరికీ ఓట్లు సమానం, గెలుపు ఇతని ఒక్క ఓటు చేతిలో పడుతుంది. జాతీయ అవార్డులు తెచ్చుకున్న సినిమా అది. తెలుగులో సంపూర్ణేష్ బాబుతో 'మార్టిన్ లూథర్ కింగ్'గా 2023లో తీశారు. నిన్నటిదాకా జుట్టు చూసి నవ్విన నటుడే ఇందులో ఊరి మొహం ఊరికే చూపిస్తాడు. ఏడో తరగతి దాటిన పిల్లలతో కలిసి చూడండి.

జైలర్, లియో, కూలీ లాంటివాటి సంగతి వేరు. జైలర్‌లో (2023) మనవడి యూట్యూబ్ వీడియోలకు సాయం చేసే తాతగా రజనీకాంత్ ఎంత ముద్దుగా ఉంటాడో, తర్వాత కత్తితో తల నరికే సీను అంత భయంకరంగా ఉంటుంది. రెండూ ఒకే సినిమాలో, ఒకే టికెట్‌కి. కూలీకి (2025) సెన్సార్ బోర్డు 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చింది. మన నాగార్జున విలన్ కదా అని కుటుంబమంతా కలిసి వెళ్దామనుకున్నవాళ్లు ఉన్నారు. పద్దెనిమిది లోపువాళ్లకు ప్రవేశం లేదు. సరే, గేటు దగ్గర ఆపారు. తర్వాత అదే సినిమా ఓటీటీలోకి వచ్చింది. మీ హాల్లో గేటు దగ్గర ఎవరున్నారు?

2024 నిబంధనలతో యూఏ సర్టిఫికెట్‌ను మూడుగా విడగొట్టారు: ఏడేళ్లు దాటినవాళ్లకు, పదమూడు దాటినవాళ్లకు, పదహారు దాటినవాళ్లకు. ఇది థియేటరు వాళ్లకి పెట్టిన నిబంధన కాదు. పిల్లాణ్ణి తీసుకెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి అమ్మానాన్నలకు ఇచ్చిన సూచన. సినిమా మొదలయ్యేటప్పుడు కనిపించే ఆ సర్టిఫికెట్ టైములో మనం పాప్‌కార్న్ కోసం బయట ఉంటాం.

ఇప్పుడు నా తప్పు గురించి.

ఆ నోటుబుక్కుల్లో ఖైదీ (2019) మీద ఒక రివ్యూ ఉంది. రాసిన అబ్బాయి పేరు చెప్పను, ఇంట్లోవాళ్లను అడిగే రాస్తున్నాను. సినిమా మీకు తెలిసిందే. పదేళ్ల జైలు తర్వాత బయటికొచ్చిన ఢిల్లీ అనే మనిషి, ఎప్పుడూ చూడని కూతుర్ని చూడటానికి బయల్దేరతాడు. దారిలో పోలీసాఫీసర్ ఆపి, స్పృహలేని పోలీసులతో నిండిన లారీని నడపమంటాడు. ఒక్క రాత్రిలో కథ మొత్తం. పాటలు లేవు, హీరోయిన్ లేదు. కార్తీ బకెట్‌లో బిర్యానీ తినే సీను ఉంటుంది కదా, పదేళ్ల ఆకలి కనిపిస్తుంది. మరోవైపు కమిషనర్ ఆఫీసులో నెపోలియన్ అనే మామూలు కానిస్టేబుల్ కొందరు కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని ఒక ముఠాను అడ్డుకుంటాడు. ఆ పాత్ర వేసిన జార్జ్ మరియన్‌ను అంతకుముందు చిన్న చిన్న కామెడీ వేషాల్లోనే చూశాం. నాకు అడిగితే సినిమాకి అసలు హీరో ఆయనే.

ఆ అబ్బాయి రివ్యూలో ఇవేవీ లేవు. మూడు వాక్యాలు కథ రాసి, ఆ తర్వాత పేజీ అంతా వాళ్ల నాన్న లారీ గురించి రాశాడు. నాన్న రాత్రంతా నడుపుతాడని, ఫోన్ కలవకపోతే అమ్మ పడుకోదని, సినిమాలో పాప కిటికీ దగ్గర కూర్చున్నట్టు చెల్లి కూడా కూర్చుంటుందని. నేను ఎర్ర ఇంకుతో 'స్టిక్ టు ద టాపిక్' అని రాసి పదికి నాలుగు వేశాను.

పేరెంట్స్ మీటింగ్‌కి ఆ నాన్న వచ్చారు. లోడు దించి నేరుగా వచ్చినట్టున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మార్కులు చూపిస్తూ విషయం వదిలి రాస్తున్నాడని చెప్పబోయాను. ఆయన ఇంగ్లీషు చదవలేరు, ఏం రాశాడో చదివి చెప్పమన్నారు. చదువుతూ తెలుగులో చెప్పాను. సగంలో నా గొంతే పట్టేసింది. ఆయన మాత్రం కాసేపు ఊరుకుని, "ఆ సినిమా నేనే చూపించాను మేడమ్, లారీ ఉంది కదా అని" అన్నారు. తర్వాత, "చెల్లి కిటికీ దగ్గర కూర్చుంటుందని నాకు తెలీదు" అన్నారు.

ఆ నాలుగు కొట్టేసి తొమ్మిది వేశాను. ఒక మార్కు స్పెల్లింగులకు తగ్గించాను, అది తప్పదు.

వచ్చే నెల మళ్లీ రివ్యూ ఇస్తున్నాను. ఈసారి నోటుబుక్కులో ఎడమవైపు పేజీ మీ పిల్లలది, కుడివైపు పేజీ మీది. ఒకే సినిమా, ఇద్దరూ కలిసి చూసింది, మధ్యలో ఫార్వర్డ్ చేయకుండా చూసింది. తమిళమైనా, తెలుగైనా, ఏదైనా సరే. మీ పేజీ తెలుగులో రాసినా ఫర్వాలేదు, రాయడం కుదరకపోతే మీరు చెప్తుంటే పిల్లలే రాస్తారు. మీ పేజీకి మార్కులు లేవు, ఎర్ర ఇంకు పెట్టను. పదో తారీఖులోపు పంపించండి.