తల్లిని పిలిచే దొంగ ఏడుపు

టెక్సస్ పడమటి మెట్టల్లో, మెస్కీట్ తుప్పల నడుమ ఓ కుందేలు ప్రాణం పోతున్నట్టు కీచుమంటూ ఉంటుంది. తీరా చూస్తే అక్కడ కుందేలు ఉండదు. గడ్డిలో దాచిన చిన్న స్పీకరు ఉంటుంది. దానికి నలభై యాభై గజాల అవతల ఓ మనిషి ఆకుల రంగు బట్టలు వేసుకుని, ఒళ్లో తుపాకీ, చేతిలో రిమోట్ పెట్టుకుని కదలకుండా కూర్చుంటాడు. పావుగంటలోపు కయోటీ వస్తే వచ్చినట్టు, రాకపోతే చోటు మార్చాల్సిందే. వచ్చేది కూడా నేరుగా రాదు. గాలివాలు వైపుకు చుట్టు తిరిగి వస్తుంది. చెవి విన్నదాన్ని ముక్కు ఒప్పుకుంటే తప్ప దానికి నమ్మకం కుదరదు. అందుకే ఈ వేటలో కొత్తవాడికి ముందు నేర్పేది గాలి సంగతి, అరుపుల సంగతి ఆ తర్వాతే.

కయోటీ మన నక్కకు దగ్గరి చుట్టం, ఒంట్లో కాస్త పెద్దది. తోడేళ్లను మనిషి తుడిచిపెట్టిన చోటల్లా ఇది కాలు మోపింది. ఇప్పుడు అమెరికాలో హవాయి తప్ప అది లేని రాష్ట్రం లేదు. దాన్నీ, ఎర్రనక్కనీ, బూడిదనక్కనీ అరుపులతో రప్పించి కాల్చడం అక్కడ లక్షల మందికి చలికాలపు సరదా. దాని చుట్టూ ఓ పెద్ద వ్యాపారమే నడుస్తోంది.

టెక్సస్‌లోని మార్బుల్ ఫాల్స్ ఊరివాళ్లు మర్రీ, విన్‌స్టన్ బర్నమ్ సోదరులు తండ్రి దగ్గర నేర్చిన విద్యతో 1950ల్లో నోటితో ఊదే పీకలు అమ్మకానికి పెట్టారు. ఆ తర్వాతి దశాబ్దంలో అదే రాష్ట్రంలోని వేకో వాసి జానీ స్టివార్ట్ నిజం జంతువుల అరుపుల్నే పట్టి గ్రామఫోన్ రికార్డులుగా తెచ్చాడు. వేటగాడు అడవిలోకి రికార్డు ప్లేయరు మోసుకెళ్లిన రోజులవి. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఇవాళ పెన్సిల్వేనియాలోని ఫాక్స్‌ప్రో లాంటి కంపెనీల యంత్రాల్లో వందల గొంతులు ఉంటాయి. కుందేలు, జింకపిల్ల, కోడి, వడ్రంగిపిట్ట, ఎలుక... మీట నొక్కితే చాలు.

ఇన్నింటిలో ఏది మేలని పాత చేతుల్ని అడిగితే, ఎక్కువమంది నోట ముందొచ్చేది కాటన్‌టెయిల్ కుందేలు ఆర్తనాదమే. కుందేలు బతుకంతా దాదాపు మూగగానే గడుపుతుంది. దాని గొంతు పెగిలిందంటే ఏదో నోట చిక్కిందనే లెక్క. ఆ కేక విన్న కయోటీకి తిండి సిద్ధంగా ఉందనీ, ఆలస్యం చేస్తే ఇంకెవరో ఎత్తుకుపోతారనీ ఒకేసారి తెలుస్తుంది. ఎడారి రాష్ట్రాల్లో జాక్‌ర్యాబిట్ అనే పెద్ద కుందేలు బొంగురు గొంతుకు గిరాకీ ఎక్కువ. కుందేలు కేకలు విని విని జంతువులు ముదిరిపోయిన చోట వడ్రంగిపిట్ట అరుపు పనిచేస్తుంది. బూడిదనక్కకైతే అదంటే మరీ మోజు. కుక్కజాతిలో చెట్లెక్కడం బాగా తెలిసిన అరుదైన జంతువు అది. పిట్టలంటే చెవులు రిక్కించడంలో వింత లేదు.

ఎర్రనక్క దగ్గర ఇంత హడావిడి అక్కర్లేదు. మంచు కింద తిరిగే ఎలుక అలికిడిని పైనుంచే పసిగట్టి, గాల్లోకి ఎగిరి ముక్కుతో దూకే జీవి అది. దానికోసం ఖరీదైన యంత్రం కొననక్కర్లేదు. అరచేతి వెనక పెదాలు ఆనించి ముద్దుపెట్టినట్టు చప్పున పీలిస్తే ఎలుక కిచకిచ వచ్చేస్తుంది. దగ్గరికొచ్చి తటపటాయిస్తున్న నక్కను ఆఖరి ఇరవై అడుగులు లాగేది ఈ పైసా ఖర్చులేని చప్పుడే. మొత్తం విద్యలో అందమైనది ఇదే అనిపిస్తుంది. పీక ఊదేవాళ్లదీ దాదాపు ఇదే తోవ. లోపలి నాలుక (రీడ్) మూసి ఉన్న పీక ఎవరు ఊదినా ఒకే స్వరం పలుకుతుంది. నాలుక తెరిచి ఉన్న పీక మాత్రం పెదవి ఒత్తిడిని బట్టి కుందేలూ అవుతుంది, కయోటీ ఊళా అవుతుంది. దాన్ని పలికించడానికి నాదస్వరం పట్టినంత సాధన కావాలి.

ఇంతవరకూ అభ్యంతరం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆకలిగొన్న జంతువును ఆకలితోనే మోసగించడం వేటంత పాతది.

అసలు చిక్కు కాలం మారిన కొద్దీ మొదలవుతుంది. శీతకాలం మొదట్లో, ఈడొచ్చిన పిల్లలు తల్లిదండ్రుల్ని విడిచి కొత్త చోట్లు వెతుక్కునేటప్పుడు, తిండి అరుపులు బాగా పారతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో జోడు కట్టే కాలం కాబట్టి ఊళలు పనిచేస్తాయి. తన హద్దులో పరాయి గొంతు వినిపిస్తే కయోటీ ఊరుకోదు. ఏప్రిల్, మే నెలల్లో బొరియల్లో పిల్లలుంటాయి. అప్పుడు యంత్రంలోని ఇంకో మీటకు విలువ పెరుగుతుంది. అది కయోటీ పిల్ల ఏడుపు. దెబ్బతిన్న కుక్కపిల్ల కుయ్యోమన్నట్టే ఉంటుంది. కడుపు నిండిన కయోటీ కూడా దానికి పరుగెత్తుకొస్తుంది. ఆడా మగా కలిసి పిల్లల్ని సాకే జాతి కాబట్టి తండ్రీ వస్తాడు, పాలిచ్చే తల్లీ వస్తుంది. చాలామంది వేటగాళ్లు ఆ మీటను ఏడాది పొడుగునా వాడతారు. ఏ అరుపుకీ లొంగని ముదురు కయోటీ దీనికి లొంగుతుందని వాళ్ల అనుభవం.

ఆకలిని వంచించడం వేరు, పేగుబంధాన్ని వంచించడం వేరు. తల్లి చస్తే బొరియలో పిల్లలు తిండిలేక ఒక్కొక్కటే పోతాయి. దాన్ని నైపుణ్యం కింద జమ కట్టడం కష్టం.

అయితే గొర్రెల కాపరుల వాదన తోసిపుచ్చదగ్గది కాదు. పిల్లల్ని సాకే జంటలే గొర్రెపిల్లల మీద ఎక్కువగా పడతాయి. యూటాలో శాస్త్రవేత్తలు కొన్ని జంటలకు సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి వదిలితే, అవి గొర్రెల జోలికి వెళ్లడం బాగా తగ్గిందని 2001లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కాబట్టి మంద పక్కనే బొరియ పెట్టిన జంటను రైతు ఏ మీట నొక్కి రప్పించినా తప్పు పట్టలేం. ఆ అవసరం లేనివాడు, వందల మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చినవాడు అదే మీట నొక్కితే మాత్రం రైతు పేరు వాడుకోవడమే అవుతుంది.

‘సంఖ్య తగ్గిస్తున్నాం కదా’ అనే మాట కూడా నిలవదు. అమెరికా వ్యవసాయ శాఖ కింది వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఒక్క 2018లోనే 68 వేలకు పైగా కయోటీలను చంపింది. అయినా అవి తరగలేదు. గై కనొలీ, విలియం లాంగ్‌హర్స్ట్ 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వేసిన లెక్క ప్రకారం ఏటా 75 శాతాన్ని చంపుకుంటూ పోయినా ఒక ప్రాంతంలో వాటిని నిర్మూలించడానికి యాభై ఏళ్లు దాటుతుంది. ఇక తప్పించుకున్నది మళ్లీ అంత తేలిగ్గా మోసపోదు. గురి తప్పిన ప్రతి తూటా ఒక కయోటీకి కుందేలు కేక నమ్మొద్దని పాఠం చెప్పి పంపుతుంది. అలాంటిదాన్ని అక్కడి వేటగాళ్లే ‘చదువుకున్న కయోటీ’ అంటారు, విసుగ్గా.

కాలిఫోర్నియా 2014లోనూ, న్యూమెక్సికో, అరిజోనా 2019లోనూ, ఒరెగాన్, న్యూయార్క్ 2023లోనూ బహుమతుల కోసం గుట్టలుగా చంపే పోటీలను కట్టడి చేశాయి. మంచి పనే. అయితే ఆ నిబంధనలన్నీ పందేన్నే చూశాయి, స్పీకరును చూడలేదు. చిత్రమేమిటంటే బాతుల విషయంలో అమెరికా ఆ పని ఎప్పుడో చేసింది. వలస పక్షుల వేటలో రికార్డు చేసిన అరుపులు వాడటం అక్కడి ఫెడరల్ నిబంధనల ప్రకారం నేరం. విపరీతంగా పెరిగిపోయిన మంచుబాతుల కోసం ఇచ్చిన ప్రత్యేక సడలింపు లాంటివి తప్పిస్తే, బాతును పిలవాలంటే మనిషి తన ఊపిరితో బూర ఊదాల్సిందే. పక్షికి దక్కిన ఆ మాత్రం మన్నన కయోటీకి ఎందుకు దక్కదో ఎవరూ సరిగ్గా చెప్పరు.

ఊపిరితో పిలిచే విద్య మన దగ్గరా ఉండేది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి ‘దక్షిణ భారత కులాలు, తెగలు’లో కురువిక్కారన్లు అనే సంచార తెగవాళ్లు నక్కలా ఊళవేసి నక్కల్ని రప్పించి పట్టేవారని రాశాడు. ఆంధ్రలో నక్కలవాళ్లుగా పేరుపడి, ఇప్పుడు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్న సంచార కుటుంబాలు ఆ కోవవే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎర వేయడాన్నీ, తరమడాన్నీ కూడా వేట కిందే లెక్కగట్టి ఆ దారి మూసేసింది. నక్క కొమ్ము జేబులో ఉంటే కలిసొస్తుందని కొనే పట్నం బాబుల మూఢనమ్మకం మాత్రం అలాగే ఉంది. కేసులు చాలాసార్లు అమ్మిన పేదవాడి మీదే పడతాయి. గొంతుతో నక్కను మాయచేసినవాడు నేరస్తుడైతే, బటన్‌తో చేసినవాడు క్రీడాకారుడు కావడం దేశాల తేడానే అయినా, కాస్త ఆలోచించాల్సిన తేడా.

అదే అరుపు చంపకుండానూ పనికొస్తుంది. ఊళ వినిపిస్తే బదులు ఊళవేయకుండా ఉండలేని జాతులివి. యూరప్‌లో నక్కల లెక్కలు తీసేవాళ్లు రాత్రుళ్లు స్పీకరులో ఊళ వేసి, ఎన్ని దిక్కుల నుంచి జవాబొచ్చిందో రాసుకుంటారు. అమెరికాలో కయోటీల కోసం సైరన్లు మోగించి చూశారు. రెండు కయోటీలు కలిసి ఊళవేస్తే పది ఉన్నట్టు వినిపించే మాయ వల్ల లెక్క తప్పే ప్రమాదం ఉన్నా, ఆ పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది.

మనవాళ్లు పెద్దసంఖ్యలో కాపురముంటున్న డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో 2018 చివర్లో కయోటీలు ఉదయం నడకకు, పరుగుకు వెళ్లినవాళ్ల మీద పడ్డాయి. అలాంటి చోట్ల అధికారులు నేర్పేది పిలిచే విద్యకు తలకిందులైన, తరిమే శబ్దవిద్య. పారిపోవద్దు, వెన్ను చూపొద్దు, చేతులు పైకెత్తి గట్టిగా అరవండి, గిన్నెలు మోగించండి, ఈల వేయండి అంటారు. ఊరి కయోటీకి మనిషి గొంతంటే బెదురు పోతే అసలుకే మోసమని వాళ్ల భయం.

అమెరికా రాష్ట్రాల వన్యప్రాణి కమిషన్లు ఏటా వేట నియమాలను తిరగరాస్తూనే ఉంటాయి. ఈసారి ఒక చిన్న పంక్తి చేర్చవచ్చు: ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పశువుల మందకు నష్టం జరిగిందని రుజువు చూపిన రైతుకు తప్ప మిగతావారికి పిల్ల ఏడుపు, యంత్రపు స్పీకరు రెండూ వద్దు. పీక ఊదగలిగినవాడు ఊదుకోవచ్చు. యంత్రాలమ్మే కంపెనీలు గొడవ చేస్తాయి. బాతుల నిబంధన ఉన్నా బాతు బూరల వ్యాపారం మూతపడలేదని వాటికి గుర్తు చేస్తే సరి.